కిలొంజో మూసిన కాయలు

కెన్యా దేశంలో, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే తప్ప నీళ్లు కనిపించని ఒక ఏటి ఒడ్డున, తనకు అర్థం కానిదేదైనా అక్కర్లేనిదేనని తేల్చిపారేసే కిలొంజో అనే మేకల కాపరి ఉండేవాడు.

అతని గుడిసె పక్కన ఒక అడవి అత్తిచెట్టు ఉండేది. మన మేడిచెట్టుకు అది దగ్గరి చుట్టం. దాని బెరడు పసుపు రంగులో ఉండేది. ఆకులు చేతికి గరుకుగా తగిలేవి, తుంచితే తెల్లని పాలు కారేవి. వేళ్లు ఇసుక అడుగున ఉన్న తడిని వెతుక్కుంటూ పోయేవి కాబట్టి, చుట్టూ గడ్డి మాడిపోయినా చెట్టు మాత్రం పచ్చగానే ఉండేది. దాని పూత ఎవరి కంటా పడేది కాదు. కాయలు మాత్రం మానుకూ లావు కొమ్మలకూ గుత్తులు గుత్తులుగా కాసేవి. మేత దొరకని నెలల్లో రాలిన ఆ పండ్లు తినే కిలొంజో మేకలు పాలిచ్చేవి. ఆ పాలతోనే ఇల్లు గడిచేది.

ఒకసారి అతని బావమరిది ముట్వా చుట్టపుచూపుగా వచ్చాడు. కిలొంజో మంచి పండ్లు ఏరి ముందు పెట్టాడు. ముట్వా ఒకటి విప్పాడు. లోపల నలుసుల్లాంటి నల్లపురుగులు కదిలాయి.

"మీ ఊళ్లో పండుతోపాటు మాంసం కూడా పెడతారా బావా?" అని నవ్వి, పండు పక్కన పెట్టేశాడు.

కిలొంజో కూడా నవ్వాడు గానీ, ఆ రోజంతా అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు చెట్టు దగ్గర నిలబడి పరీక్షగా చూశాడు. చీమకంటే చిన్న కందిరీగలు పచ్చికాయల చుట్టూ తిరుగుతున్నాయి. ప్రతి కాయ కొసనా సూదిమొన పట్టేంత కన్నం ఉంది. ఒక కందిరీగ అందులో దూరింది. రెక్కలు విరిగి కన్నం దగ్గరే ఉండిపోయినా అది ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.

"పండ్లను పాడుచేస్తున్నవి ఇవే," అన్నాడు భార్యతో.

"అవి ఎన్నేళ్లుగానో ఉన్నవేగా," అంది ఎంవెండే. "ఏటి ఎగువన ఇలాంటి చెట్టే ఉన్న ముటిండి అవ్వను ఒక్క మాట అడిగి చూడరాదూ?"

"పురుగును చంపడానికి కూడా సలహా కావాలా?"

కిలొంజో బంకమట్టి కలిపి, అందిన ప్రతి కాయ కన్నాన్నీ మూశాడు. అందని కొమ్మల కింద పచ్చి ఆకులు వేసి పది రోజులు పొగబెట్టాడు. తర్వాత ఒక కాయ కోసి చూస్తే పురుగు లేదు. దాన్ని ఎంవెండేకు చూపించి తృప్తిగా తలాడించాడు.

కానీ ఆ కాయలు పండలేదు. గట్టిగా, పాలిపోయి, ఒక్కొక్కటే రాలాయి. మేకలు వాసన చూసి వదిలేశాయి. అప్పటికే గడ్డి అయిపోయింది. ఒకరోజు ఎంవెండే పాలకుండ వంచి చూపించింది. అడుగు కూడా తడవలేదు. తల్లి దగ్గర పాలు లేక ఒక మేకపిల్ల చచ్చిపోయింది. కిలొంజో తన చేతులతోనే గొయ్యి తవ్వి దాన్ని పూడ్చాడు. ఆ తర్వాత మిగిలిన మేకల్ని తోలుకుని ఎగువకు నడిచాడు.

ముటిండి అవ్వ చెట్టు కింద పండ్లు ముద్దలుగా రాలి ఉన్నాయి. అవ్వ ముందు మేకల్ని తిననిచ్చింది. తర్వాత సంగతి అడిగింది. అతను ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఈ చెట్టు పూత ఎక్కడుంటుందో ఎప్పుడైనా చూశావా నాయనా?"

"దీనికి పూత ఉండదు కదా అవ్వా."

ఆమె ఒక పచ్చికాయ కోసి గోటితో రెండుగా చీల్చింది. లోపల గోడంతా సన్నని పూలు ఒత్తుగా ఉన్నాయి.

"పూత లోపలే ఉంది. అక్కడికి పుప్పొడి మోసుకెళ్లగలిగింది ఆ కందిరీగ ఒక్కటే. ఒక కాయలో పుట్టి, ఇంకో కాయలో దూరి, పూలకు పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. అది రాకపోతే కాయ పండదు, రాలిపోతుంది."

కిలొంజో ఆ చీలికను చేతిలోకి తీసుకున్నాడు. "తెలియక వాటిని చంపుకున్నాను అవ్వా. మేకపిల్ల కూడా పోయింది," అన్నాడు.

"పోయినదాన్ని తేలేం. చెట్టు బతికే ఉంది, ఏడాదిలో మళ్లీ మళ్లీ కాస్తుంది. నా చెట్టు మీది కందిరీగలే గాలివాటున నీ చెట్టుకు వస్తాయి. నువ్వు అడ్డుపడకపోతే చాలు. అందాకా మేకల్ని రోజూ ఇక్కడికి తోలుకురా."

కొన్ని వారాలకు కిలొంజో చెట్టు మళ్లీ కాయలు తొడిగింది. అతను పొద్దున్నే వెళ్లి, కాస్త దూరంగా నిలబడి చూసేవాడు. ఒక రోజు మొదటి కందిరీగ వచ్చి కాయ మీద వాలింది. ఎంవెండేను పిలిచి, చప్పుడు చేయవద్దని సైగ చేశాడు. ఇద్దరూ అది లోపలికి దూరేదాకా కదల్లేదు. ఆ కాపు ఎర్రగా పండి రాలింది. మేకలు కడుపునిండా తిన్నాయి.

దేని పనేమిటో మనకు తెలియనంత మాత్రాన అది పనికిరానిది కాదు. తెలియనిదాన్ని తీసిపారేసే ముందు తెలిసినవాళ్లను అడగాలి.