ముసురుగుట్ట తల్లికి వింజామర ఎందుకు లేదు?

చిలకలదొడ్డి అడ్డరోడ్డులో బస్సు దిగి, ఆటోలో అరగంట ప్రయాణిస్తే ముసురుగుట్ట వస్తుంది. మెట్లు తొంభై రెండు. ఎనభై అని చెప్పేవారు ఎక్కనివారు, నూట యాభై అని చెప్పేవారు ఎండలో ఎక్కినవారు. పైన చిన్న రాతి మండపం, అందులో మోకాలెత్తు నల్లరాయిగా వెలసిన ముసురమ్మ తల్లి. ముఖాన పసుపు, నుదుట కుంకుమ, పెదవుల దగ్గర బెల్లం, ఆ బెల్లం నిండా ఈగలు.

కొత్తగా వచ్చిన భక్తులు మొదట అడిగేది ఆ ఈగల గురించే. ఇతర క్షేత్రాలలో అమ్మవారికి వింజామర వీస్తారు, ఇక్కడ వీయరు. ఎవరో పుణ్యాత్ముడు సమర్పించిన కరెంటు ఫ్యాను పదకొండేళ్ళుగా పెట్టె అయినా విప్పకుండా వంటశాలలో విశ్రాంతి తీసుకుంటున్నది. క్షేత్రమర్యాదలు రాసిపెట్టడానికని వెళ్ళిన ఈ పుస్తక రచయితే మొదటి నిమిషంలో రెండు ఈగలను తోలి, మూడోదానికి చెయ్యెత్తి, పదిమంది ముందు పూజారిణి చేత చీవాట్లు తిన్నాడు. ఆ తరువాతే బుద్ధిగా కూర్చుని కథ అడిగాడు. ఆమె చెప్పిన కథ ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గుట్ట, గొర్రెలు, తల్లిగా మొక్కే ఒక రాయి, అంతే. కింద ఊరిలో సుంకులమ్మ అనే మంత్రసాని ఉండేది. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఆమె చేతుల మీదుగా పుట్టనివారు తక్కువ. కడుపులో అడ్డం తిరిగిన బిడ్డను పైనుంచే నిమిరి నిమిరి దారికి తేగల చేతులవి. ఆ విద్య తెలిసినవారు ఆ సీమలో మరొకరు లేరు.

ఒకనాడు కాపుల ఇంట కాన్పు చేసి, పసిగుడ్డును ఒడిలో వేసుకుని, బొడ్డు కోయడానికి కత్తి అందుకున్నది. అప్పుడు, పిలవని పేరంటంలా, ఒక తలపు వచ్చింది: ‘ఈ కత్తి ఈ బిడ్డ గొంతుకు తగిలిస్తేనో?’

సుంకులమ్మకు ఒళ్ళంతా చెమట పట్టింది. ఎలాగో బొడ్డు కోసి, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, కట్నంగా పెట్టిన చేటెడు జొన్నలు కూడా తీసుకోకుండా ఇంటికి పరుగెత్తింది. తన కడుపులో రాక్షసి ఏదో దూరిందని ఆమెకు అనిపించింది. నెత్తిన కడవ నీళ్ళు కుమ్మరించుకున్నది. తలపు పోలేదు. మరో కడవ కుమ్మరించుకున్నది. తలపు పోలేదు సరికదా, జలుబు వచ్చింది.

రానీయకూడదని పట్టుదల పట్టినకొద్దీ అది ఎక్కువగా రాసాగింది. దేవుడి పేరు నూట ఎనిమిది సార్లు అనుకునేది. చివరికి వచ్చాక నూట ఏడేనేమోనని అనుమానం వచ్చి మళ్ళీ మొదటి నుంచి అందుకునేది. పొయ్యి మీద అంబలి మాడిపోయేది. వీధిలో పిల్లలు కనబడితే గోడవైపు తిరిగి నిలబడేది. ఇంట్లో కత్తి, కొడవలి, కత్తిపీట అన్నీ మూటగట్టి తమ్ముడి ఇంటికి పంపేసింది. కాయగూరలు నిలువునా కుండలో పడేవి.

“గుత్తొంకాయ అనుకుందామంటే కాయకు గాటైనా ఉండాల గదే!” అని మొగుడు తిప్పన్న మొత్తుకునేవాడు. “ముల్లు గూడా తియ్యకుండా పెట్నావే. ఇది కూరనా, కంపచెట్టునా?”

“తింటే తిను, లేకుంటే లెయ్,” అనేది సుంకులమ్మ. అసలు సంగతి చెప్పలేదు. చెప్పడానికి అది నోటికి వచ్చే సంగతి కాదు.

కాన్పులకు పిలిస్తే చేతులు నొప్పి అని పంపేసేది. ఇలా ఏడాది గడిచింది. ఇంతలో కూతురు ఎర్రక్క తొలిచూలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. కడుపు ఆకారం దూరం నుంచి చూసినా సుంకులమ్మకు తెలిసిపోయింది, బిడ్డ అడ్డంగా ఉన్నది. తిప్పకపోతే ఇద్దరూ దక్కరు. తిప్పగల చేతులు తనవే. ఆ చేతులనే ఆమె నమ్మడం లేదు.

“అమ్మా, ఊరందరి కడుపులూ తడిమినావు. నా మీద చెయ్యే ఎయ్యవేమే? నేనేం తప్పు జేసినా?” అని ఎర్రక్క ఏడ్చింది.

 మరునాడు తెల్లవారుతూనే సుంకులమ్మ కొంగున బెల్లపు ముద్ద కట్టుకుని గుట్ట ఎక్కింది. ‘తల్లీ, ఈ తలపన్నా తీసెయ్యి, ఈ చేతులన్నా తీసెయ్యి’ అని మొక్కి, రాతికి బెల్లం పూసింది. పూయడమే ఆలస్యం, ఎక్కడెక్కడి ఈగలన్నీ వచ్చి తల్లి ముఖం మీద వాలాయి.

తాను ఏది తాకినా ఇంతేనని సుంకులమ్మ కుమిలిపోయింది. వేపకొమ్మ విరిచి తోలడం మొదలుపెట్టింది. తోలితే లేచేవి, లేచి మళ్ళీ వాలేవి. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఈగలు పొద్దుటికంటే నాలుగింతలయ్యాయి.

గొర్రెలు మేపుకునే ముసలి బీరప్ప బండ నీడలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. వినోదం చాలించుకుని లేచి వచ్చాడు.

“ఏమ్మా, పొద్దన నుంచీ తోల్తాండావు. తగ్గినాయా?”

“హెచ్చినాయి గదన్నా!”

“హెచ్చకేం చేస్తాయి? ఆ కొమ్మ చూడు.”

సుంకులమ్మ చూసింది. విసిరినప్పుడల్లా ఆకులు బెల్లానికి తగిలి, కొమ్మంతా పాకం పట్టింది. ఈగలు సగం తల్లి మీద ఉన్నాయి, సగం కొమ్మ మీదే ఉన్నాయి. నాలుగు ఆమె మోచేతి మీద కూడా స్థిరపడ్డాయి.

“అమ్మోరి మొగం మైలపడుతాదన్నా,” అన్నది బేలగా.

“ఈగ వాలితే అమ్మోరు ఈగైపోతాదా?” అన్నాడు బీరప్ప.

ఆ మాటకు సుంకులమ్మ కొమ్మ పట్టుకునే కూలబడి ఏడ్చింది. ఏడాదిగా మొగుడికి చెప్పనిది, కూతురికి చెప్పనిది, గొర్రెలవాడికి చెప్పేసింది. చెప్పి, అతడు కొట్టడానికి రాయి తీసుకుంటాడేమోనని తల వంచుకున్నది.

బీరప్ప గడ్డం గోక్కున్నాడు. “ఇంతేనా? ఆ బండ అంచున నిలబడినప్పుడల్లా, దూకితే ఎట్లుంటాది అని నా మనసు అడుగుతాది. అరవై ఏండ్లుగా అడుగుతాండాది. ఇంగా దూకలేదు. పొద్దుగూకితే ఇంటికి బోయి సంగటి తింటాండా.”

“నీకు బయం గాదా?”

“మొదట్లో అయితాండె. అంచు దిక్కు పోకుండా ఉంటి. గొర్రెలు పోయె. వాటెంబడి పోక తప్పకపోయె.”

గొర్రెలను మళ్ళించడానికి అతడు వెళ్ళిపోయాడు. ఏడ్చి అలసిన సుంకులమ్మకు అక్కడే, పట్టపగలే, కునుకు పట్టింది. కలలో తల్లి కనబడింది. పట్టుచీర, కాసులపేరు, ముక్కు కొసన ఒక ఈగ. తల్లి దానిని తోలలేదు, తుడుచుకోలేదు.

“కొమ్మ కింద పెట్టు,” అన్నది తల్లి.

“పెడితే పోతాయా తల్లీ?”

“పోతే పోతాయి, ఉంటే ఉంటాయి. వాటి పని వాటిది. నీ పనేమాయె?”

మెలకువ వచ్చేసరికి తిప్పన్న రొప్పుతూ గుట్ట ఎక్కుతున్నాడు. “ఓసేయ్! నొప్పులు మొదలాయె! నువ్వీడ ఈగల పెండ్లి జేస్తాండావా?”

సుంకులమ్మ కొమ్మను తల్లి ముందు పెట్టి గుట్ట దిగింది. తలపు కూడా ఆమె వెంటే దిగింది. గడపలోనూ ఉన్నది. చేతులు కడుక్కుంటుంటే మరీ దగ్గరగా వచ్చింది. ఈసారి దానిని తరమలేదు. ‘వచ్చినావా, ఉండు. నాకు పనుండాది’ అనుకుని, ఆముదం రాసుకున్న చేతులను కూతురి కడుపు మీద ఉంచింది. గుండె దడదడలాడుతూనే ఉన్నది. చేతులు మాత్రం ఏడాది కిందట ఎక్కడ ఆపాయో అక్కడి నుంచే అందుకున్నాయి. ఒక నొప్పికీ మరో నొప్పికీ నడుమ నిమురుతూ, ఆగుతూ, మళ్ళీ నిమురుతూ, జాముసేపటికి బిడ్డ తల దారికి వచ్చింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల కేరుమన్నది.

“కత్తి ఇయ్యండి,” అన్నది సుంకులమ్మ.

ఆ ఇంట్లో ఆ మాట విని ఏడాది అయింది. పొరుగింటి నుంచి కత్తి తెచ్చారు. అది చేతికి వచ్చిన క్షణాన తలపు తప్పకుండా వచ్చింది, అది మానుతుందా? వచ్చి, చూస్తూ కూర్చున్నది. సుంకులమ్మ బొడ్డుకు ముడి వేసి, కోసి, మనవరాలిని గుండెకు హత్తుకుని, చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తరువాత కూడా ఆ తలపు వస్తూ ఉండేదట. కొన్నాళ్ళు రోజూ, కొన్నాళ్ళు ఏడాదికొకసారి. ఆమె మాత్రం చివరి వరకు కాన్పులు మానలేదు.

నేటికీ తల్లి అర్చన ఆ బిడ్డ సంతతి ఆడవారిదే. మనసు కుదురులేనివారు, రాకూడని తలపులతో నలిగేవారు మంగళవారాలలో ఇక్కడికి వస్తారు. వారి అరచేతిలో పూజారిణి చిటికెడు బెల్లం పెడుతుంది. ఈగ వచ్చి వాలి, తనంతట తాను లేచిపోయే వరకు చెయ్యి కదపకుండా, ఊదకుండా కూర్చోవాలి. ఒకసారికి కుదరకపోతే ఎన్నిసార్లయినా కూర్చోవచ్చు. తలపు రాకూడదనే మొక్కు ఈ సన్నిధిలో చెల్లదు. వచ్చినా పని ఆగకూడదని మొక్కుకోవచ్చు. నిద్రాహారాలు తప్పినవారిని వైద్యుడికి కూడా చూపించమని, మందులు మానవద్దని పూజారిణి గట్టిగా చెబుతుంది. వైద్యుడి చేతులు కూడా ఎవరో ఒక మంత్రసాని పట్టి లాగినవేనని ఆమె వాదన.

కూర్చుని లేచినవారు గుట్ట దిగేముందు, తాము భయపడి మానేసిన పని ఒకటి మళ్ళీ చేస్తామని తల్లికి వినబడేలా పైకి చెప్పాలి. మొన్న మంగళవారం ఒక యువతి, “మా బాబుకు నా చేతులతో స్నానం చేయిస్తాను,” అన్నది. “అయితే ఇంకా ఈడ కూర్చున్నావేమమ్మా? నీళ్ళు కాగే యాళాయె,” అన్నది పూజారిణి.