కంకణం తెంపిన జలజ

పాలకొల్లులో కామేశ్వరాచారిగారి వడ్రంగం షెడ్డులో జలజ అనే పనిమంతురాలు ఉండేది. చేతి పని బంగారం, నోటి మాట మాత్రం పచ్చిమిరపకాయ. తప్పు కనబడితే ఎదుట ఎంతటివాళ్లున్నా అనేసేది. "ఆ నోరే నీ కొంప ముంచుతుందే" అని తల్లి చెప్పీ చెప్పీ విసిగిపోయింది. నిజమే మరి, ఆ ఊళ్లో ఆడమనిషికి రంపం మిషన్ అప్పగించే షెడ్డు అదొక్కటే. అది పోతే ఆమెకు ఇంకో చోటు లేదు.

ఆ ఏడు దసరాకి షెడ్డులో ఆయుధపూజ ఘనంగా చేశారు. చారిగారు మిషన్లకు బొట్లు పెట్టి, అందరి చేతులకూ పసుపుకొమ్ము కంకణాలు కట్టి, తానూ కట్టుకున్నారు. "బడికి చేస్తున్న బీరువాల పని పూర్తయ్యేదాకా ఎవరూ విప్పకూడదు" అన్నారు. ప్రతి ముడి దగ్గరా జానెడు దారం వేలాడుతూనే ఉంది.

మర్నాడు బీరువా పలకల్లో అరలు కూర్చోవడానికి గాడులు తీయాలి. గాడి తీసేటప్పుడు బ్లేడు మీది మూత తీసేయక తప్పదు. బ్లేడేమో పలకను పూర్తిగా కోయకుండా అడుగున దాక్కుని కొంత మందమే తింటుంది. పైనుంచి చూస్తే అసలు లేనట్టే ఉంటుంది. పలక చివర దాటగానే, సరిగ్గా మన చెయ్యి ఉన్నచోటే బయటపడుతుంది. జలజకు ఇదంతా కొట్టిన పిండి. ఆమె మిషన్‌కు దణ్ణం పెట్టుకుని, కత్తెరతో కంకణం తెంపి, చెయ్యి బ్లేడు దగ్గరికి పోకుండా పలకను నెట్టే తోపుడు చెక్క చేతిలోకి తీసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

"దేవుడి కంకణం తెంపుతావా? పొగరెక్కిందా నీకు?" చారిగారు మండిపడ్డారు.

"దేవుడంటే భక్తే చారిగారూ. వేలాడే దారమంటేనే భయం. మీరూ తీసేయండి."

"నలభై ఏళ్లుగా అరచేత్తోనే తోస్తున్నా పలకల్ని. నువ్వా నాకు నేర్పేది? కంకణం కట్టుకుని పని చెయ్యి, లేదంటే బయటికి నడు."

ఈ షెడ్డు దాటితే ఇంకో చోటు లేదని జలజకు తెలుసు. అయినా తల దించలేదు. "కట్టుకోను. నడుస్తా" అంది, ఉలుల సంచి భుజాన వేసుకుంటూ.

పొగరట పొగరు! ఎవరిది పొగరో అర నిమిషంలో తేలిపోయింది. చారిగారు పంతంకొద్దీ తానే మిషన్ వేసి పలక తోశారు. పలక చివరికొచ్చింది, బ్లేడు బయటపడింది, దారం దాని పళ్లకు చిక్కి చేతిని లాగేసింది. ఆయన కేక విని, గుమ్మం దాకా వెళ్లిన జలజ సంచి పారేసి గోడ మీది మెయిన్ స్విచ్ లాగేసింది. మిషన్ ఆగేసరికి చిటికెన వేలి కొస తెగిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే వేళ్లన్నీ పోయేవి.

వారం తర్వాత చారిగారు చేతికి కట్టుతో జలజ ఇంటికి వచ్చారు. "రేపట్నుంచి పనిలోకి రామ్మా" అన్నారు.

జలజ మెత్తబడలేదు. "వస్తా. కానీ చేతికి దారం వేలాడినా, తోపుడు చెక్క లేకపోయినా మిషన్ ఆపేస్తా. ఎదుట మీరున్నా సరే ఆపేస్తా."

"ఆపెయ్. ఆ రోజు నువ్వు ఆపబట్టే ఈ చెయ్యి మిగిలింది" అన్నారాయన.

పెద్దలు చెప్పినా, ఆచారం చెప్పినా, ప్రాణం మీదికి తెచ్చే పనిని "చెయ్యను" అని ముఖం మీదే చెప్పాలి. పని తెలిసినవాళ్ల మొదటి ధర్మం అదే.