అరగడియ దూరం

రత్నగిరి రాజుగారికి ఉన్నట్టుండి సమయపాలన మీద మోజు పుట్టింది. పొద్దున రెండో నగారా మోగేలోపు కొలువుకు రాని ఉద్యోగి మూడోసారికి ఇంటికే అన్నారు. ఆయనగారిదేం పోయింది, పడకగదికీ సింహాసనానికీ మధ్య పదిహేడడుగులు!

పాపం, ఇరుక్కున్నది కొత్త లేఖకుడు పేరయ్య. కొలువులో ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో ఊళ్లో ఇల్లు అమ్మేసి, భార్య సుబ్బమ్మతో రాజధానిలో దిగాడు. ఉద్యోగులకు ఇళ్లు కేటాయించే మార్తాండప్ప కోట పక్క ఇళ్లన్నీ బామ్మర్దులకు పంచేసి, పేరయ్యను ఏటి అవతల కొత్తపేటకు తోలాడు. చల్లటి గాలి, తియ్యటి నీళ్లు, కోటకు అరగడియ దూరం, తానే స్వయంగా కొలిచానని ఊరించాడు. పేరయ్య నమ్మేశాడు. లేఖకుడు కదా, చెప్పింది రాసుకోవడమే అలవాటు.

దారి సంగతి మొదటిరోజే తెలిసొచ్చింది. పడవ ఎప్పుడు చూసినా అవతలి ఒడ్డునే. ఏరు దాటితే ఎడ్లబళ్ల బారు. అదీ దాటితే కోటగుమ్మం దగ్గర సోదా. రెండుసార్లు ఆలస్యమైంది. రెండుసార్లూ ఇదే మొరపెట్టుకున్నాడు. అంతా బద్ధకం ప్రభూ, ఇల్లు అరగడియ దూరమేనని మార్తాండప్ప రాజుగారి చెవిలో ఊదాడు.

మూడోరోజు బయల్దేరుతూ పేరయ్య, బాణలి పొయ్యి మీదే ఉంచమని, కోట నుంచి ఎవరొచ్చినా అప్పటికప్పుడు గారెలు వేసి ఇవ్వమని సుబ్బమ్మకు చెప్పాడు. అనుకున్నట్టే నగారా మోగాకే చేరాడు. మూటాముల్లె సర్దుకోమన్నారు రాజుగారు. తిరిగి వెళ్లడానికి పేరయ్యకు ఊళ్లో గోడ కూడా మిగల్లేదు. అయినా చేతులు జోడించాడు.

“చిత్తం మహారాజా. పోయేముందు మా ఆవిడ చేతి వేడివేడి గారెలు తమరు రుచి చూడాలి. మార్తాండప్పగారే తెస్తే మంచిది, దూరం కొలిచినవారు.”

గారెలనగానే రాజుగారి కోపం సగం దిగింది. మార్తాండప్ప కాదనలేక పల్లకీ ఎక్కాడు.

అరగడియ అయింది. గడియ అయింది. గారెల కోసం రాజుగారు ఫలహారం కూడా మానేసి కూర్చున్నారు. ఆకలేస్తోందని చెప్పే ధైర్యం కొలువులో ఎవరికుంది? ఎండ నడినెత్తికొచ్చాక మార్తాండప్ప చెమటలు కక్కుతూ ఊడిపడ్డాడు. చల్లారి రాయైన గారె కొరికేసరికి రాజుగారి పన్ను కలుక్కుమంది.

ఇంతసేపేమిటని గద్దిస్తే, పడవ అవతల ఉందనీ, బళ్లు అడ్డొచ్చాయనీ, గుమ్మం దగ్గర తన పల్లకీని కూడా సోదా చేశారనీ మార్తాండప్ప ఏకరువు పెట్టాడు. అన్నీ పేరయ్య మొరపెట్టుకున్న మాటలే, అక్షరం పొల్లుపోలేదు. మరి ఎలా కొలిచావయ్యా అంటే, తెల్లారకముందు, గుర్రం మీద, ముందు భటులు దారి ఖాళీ చేయిస్తుంటే అని నసిగాడు. పడవను ముందురోజే ఆపి ఉంచాడట!

రాజుగారు దవడ పట్టుకునే తీర్పు చెప్పారు. పేరయ్య ఉద్యోగం పదిలం. కోటగోడ పక్కనున్న మార్తాండప్ప ఇల్లు ఇక పేరయ్యది, కొత్తపేట ఇల్లు మార్తాండప్పది, పల్లకీ లేకుండా. రేపు రెండో నగారాకి ఇద్దరూ కొలువులో ఉండాలి.

మార్తాండప్ప కనీసం పల్లకీ అయినా ఉంచమని కాళ్లావేళ్లా పడ్డాడు.

పేరయ్య ఎంతో వినయంగా అడిగాడు.

“అరగడియ దూరానికి పల్లకీ ఎందుకండీ?”

కొలువంతా పడీపడీ నవ్వింది. రాజుగారైతే పన్ను నొప్పి కూడా మర్చిపోయి, పేరయ్యకు పట్టుశాలువా కప్పించారు. మిగిలిన గారెలన్నీ మార్తాండప్పకే మూటగట్టించారు, కొత్తపేట దారిలో తినడానికి.