పిలిచి ఆగిపోయే గొంతు

పేర్రాజు మాస్టారు కంప్యూటర్ల మరమ్మతు నేర్పేవారు. అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఒకనాడు మరియదాసు అనే శిష్యుడు అడిగాడు: "మాస్టారూ, చెడిన యంత్రంలో లోపం దొరికేశాక ఇక తెలుసుకోవలసింది ఏమీ మిగలదు కదండీ?"

మాస్టారు స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటూ, "ద్రాక్షారామం వెళ్తున్నాను. నువ్వూ రా," అన్నారు.

వెళ్ళింది హైమావతి గారింటికి. ఆవిడ భర్త కొండలరావు గారు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఇంట్లో సాధన చేస్తూ కంప్యూటర్లో రికార్డు చేసుకునేవారు. చెల్లెలు రాజ్యానికి ఆపరేషన్ జరిగితే హైమావతి గారు మండపేట వెళ్ళారు. ఇక్కడ ఆయన ఒంటరిగా ఉండగా గుండె ఆగి చనిపోయారు. ఆనాటి రికార్డు ఆ కంప్యూటర్లోనే ఉంది.

ఇప్పుడు అక్కకు తోడుగా ఉంటున్న రాజ్యం గుమ్మంలోనే గొంతు తగ్గించి చెప్పింది. "మధ్యాహ్నమయ్యేసరికి దాని ముందు కూర్చుంటుందండి. హార్మోనియం మోగుతుంది, ఆగుతుంది. బావగారు 'హైమా' అని పిలుస్తారు. అంతే, కంప్యూటరు ఆగిపోతుంది. ఎప్పుడు పెట్టినా అక్కడే. ఆ రికార్డు ఇంకెవర్నీ పెట్టనివ్వదు. తిండి కూడా మానేసింది."

మాస్టారు ముందు పవర్ సప్లై మార్చి చూశారు. ఫ్యాన్ దుమ్ము దులిపారు. వేరే పాటలు ఎంతసేపు పెట్టినా యంత్రం నిక్షేపంగా నడిచింది.

"యంత్రంలో ఏం లేదండీ," అన్నారు హైమావతి గారు. చాలా నెమ్మదిగా మాట్లాడుతున్నారావిడ. "పిలుస్తారు. నేను పలకను. ఇంట్లో లేనని అప్పుడు గుర్తొస్తుంది కాబోలు, ఆగిపోతారు."

"ఒక్కసారి మీరే పెట్టండమ్మా," అన్నారు మాస్టారు.

హార్మోనియం మొదలైంది. కాసేపటికి ఆగింది. ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. తరవాత, "హైమా" అన్న పిలుపు. అది స్పీకర్లలోంచి కాక పక్క కుర్చీలోంచి వచ్చినట్టు తోచి మరియదాసు అటు తిరిగి చూశాడు. తెర నీలంగా మారి యంత్రం ఆగిపోయింది.

మాస్టారు తెర వంక చూడనేలేదు. ఆవిడనే చూస్తున్నారు. పిలుపు వినగానే ఆవిడ రెండు మోచేతులూ బల్ల మీద మోపి ముందుకు వాలారు. పాత బల్ల కిర్రుమంటూ కుంగింది. యంత్రం మళ్ళీ లేచాక మాస్టారు వేరే పాట పెట్టి, తన అరచెయ్యి బల్ల మీద ఆనించి గట్టిగా నొక్కారు. తెర మళ్ళీ నీలమైంది.

బల్ల మీదున్న కేబినెట్ విప్పి చూపించారు. మెమరీ పలకని, అదే ర్యామ్‌ని, పట్టి ఉంచే క్లిప్పు విరిగి ఉంది. "మీ బరువు పడ్డప్పుడల్లా బల్ల కదిలి ఇది వదులవుతోందమ్మా. ఆయన ఆగడం లేదు. పక్క స్లాటులోకి మారిస్తే చివరిదాకా వినపడుతుంది. మార్చమంటారా?"

ఆవిడ ముఖం పాలిపోయింది. "ఆ తరవాత ఏమంటారో?"

"నాకు తెలియదు."

ఆవిడ చీర చెంగు నలిపారు. చివరికి, "మార్చండి," అన్నారు.

మాస్టారు ర్యామ్ మార్చి, బిగించి, రికార్డు పెట్టారు. హార్మోనియం, నిశ్శబ్దం, ఊపిరి.

"హైమా..." ఆవిడ వాలారు. బల్ల కిర్రుమంది. గొంతు ఆగలేదు. "ఎప్పుడొచ్చావ్? ఏడుస్తూ అలా కూర్చుండిపోయావేం? లే. లేచి వెళ్ళి ఇంత అన్నం తిను."

తరవాత మళ్ళీ హార్మోనియం అందుకుంది.

రాజ్యం గోడకు ఆనుకుపోయింది. హైమావతి గారు కళ్ళు తుడుచుకోలేదు. "వస్తున్నానండీ," అని ఆ గొంతుకు జవాబు చెప్పి, లేచి వంటింట్లోకి వెళ్ళారు. కంచం తీసిన చప్పుడు వినబడింది.

వీధిలోకి వచ్చాక మరియదాసు అడిగాడు. "మాస్టారూ, ఆ రోజు ఆవిడ మండపేటలో ఉన్నారు కదండీ. మరి ఆయన చూసిందెవర్ని?"

మాస్టారు సంచి భుజం మార్చుకున్నారు.

"నేను బిగించింది ర్యామ్ ఒక్కటేరా," అన్నారు.