తాగనివాళ్ల సంగతి

ఆ ఏడాది జిలానీ కాళ్లు నేల మీద ఆనడం లేదు. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో, హకీం బుర్హాన్ దగ్గర వైద్యం నేర్చుకుంటున్న శిష్యుడతను. వానలు వెలిశాక ఏటా ఊరిని మంచాన పడేసే జ్వరానికి సొంతంగా ఒక షర్బత్ కాచాడు. తాగినవాళ్లందరికీ వారం తిరిగేసరికి జ్వరం దిగిపోయింది. ఇంకేం కావాలి? కాకిపిల్ల కాకికి ముద్దంటారు, ఈ కాకిపిల్ల ఊరందరికీ ముద్దయి కూర్చుంది.

షర్బత్‌తో పాటు పథ్యం కూడా జిలానీ పెట్టిందే. సంగటి ముట్టకూడదు, పెరుగు ముట్టకూడదు, పప్పు సరేసరి. జ్వరం దిగినా నెలపాటు పలచటి గంజే. పథ్యం ఎంత కఠినమైతే మందు అంత గొప్పదని మనవాళ్లకు నమ్మకం కదా, ఎవరూ నోరెత్తలేదు.

ఊరి దర్గాలో ఏటా జరిగే ఉరుసు పండుగ దగ్గరపడింది. ఉరుసు నాడు గురువు తన చేత్తో పాగా చుడితేనే శిష్యుడు హకీము అవుతాడు. లేదంటే గురువు వెనకాల మూలికలు నూరుతూ ఉండాల్సిందే. ఈసారి పాగా తనదేనని జిలానీ ధీమా. అంతలో బుర్హాన్‌కే జ్వరం తగిలింది. జిలానీ పరుగున వెళ్లి సీసా ఇచ్చి, పథ్యం చెప్పి వచ్చాడు.

ఉరుసు నాటి ఉదయం వెళ్లి చూస్తే గురువుగారు అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె పెరుగులో ముంచుకు తింటున్నారు.

"చూసినారా ఉస్తాద్! నా షర్బత్ మిమ్మల్ని కూడా లేపి కూచోబెట్టింది."

బుర్హాన్ తీరిగ్గా రొట్టె ముగించి, చెయ్యి కడుక్కుని, గూట్లోంచి సీసా తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. నిండుగా ఉంది. మూతికి కట్టిన గుడ్డ కూడా విప్పలేదు.

జిలానీ ముఖం మాడిపోయింది. "తాగలేదా?"

"తాగినోళ్లను చూసొచ్చినావు గదా బేటా. తాగనోళ్లు ఎట్లుండారు?"

తాగనివాళ్ల సంగతి హకీముకెందుకు అనబోయి నాలుక కరుచుకున్నాడు. అసలు ఈ ఊళ్లో తన షర్బత్ తాగనిదెవరు, చూద్దామని కాస్త కోపంగానే బయల్దేరాడు.

మగ్గాల వీధిలో మొదటి ఇల్లు ఓబులమ్మది. ఆమె పిల్లలిద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. కొడుకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, మెడ నిలవడం లేదు, ముందర గంజి చల్లారిపోతోంది. కూతురు వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది.

"పాపకు షర్బత్ ఎంత పోస్తివమ్మా?"

"ఆడపిల్లకు యాడిది సాయిబూ! ఉండేది ఒక్క సీసా, పిల్లోనికే పోస్తి. దానికి మందూ లేదు, పథ్యమూ లేదు, సంగటి ముద్దలు మింగతాంది. జరం ఇద్దరికీ ఒకేపారి దిగింది గానీ, ఇది లేచి గంతులేస్తాంది, వాడు లేవలేకుండాడు. అదేం పుటకో!"

పక్కింట్లోనూ అదే కథ. షర్బత్ అందరికీ సరిపోని ప్రతి ఇంట్లో తల్లులు కొడుకులకే పోశారు. కూతుళ్లు నీళ్ల బిందెలు మోస్తున్నారు, కొడుకులు గోడలు పట్టుకుని నడుస్తున్నారు. ఒక్క ఇల్లయినా వేరుగా ఉండకపోతుందా అని జిలానీ వీధి వీధీ తిరిగాడు. చివరి వీధికి వచ్చేసరికి తలుపు తట్టడానికే భయం వేసింది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. పాగా సాయంత్రమే. చుట్టించుకుని, రేపు పొద్దున చెబితే కొంపలేం మునుగుతాయి? వాళ్లమ్మ పెరుగు వడ్డించింది. ఓబులమ్మ కొడుకు మెడ గుర్తొచ్చింది. కంచం పక్కకు జరిపి లేచాడు.

సాయంత్రం దర్గా ముందు ఊరంతా చేరింది. బుర్హాన్ పళ్లెంలోంచి కొత్త పాగా తీశాడు. జిలానీ తల వంచకుండా లేచి, జనం వైపు తిరిగాడు.

"నా షర్బత్‌తో జరం దిగలేదు. తాగనోళ్లకు కూడా అన్నే దినాలకు దిగింది. పిల్లోళ్లు నీరసపడింది నా పథ్యంతోనే. ఇండ్లకు పోయి, మీ కూతుర్లు తినేదే మీ కొడుకులకు కూడా పెట్టండి."

గుంపులోంచి ఓబులమ్మ లేచింది. "అంటే ఇన్నాళ్లూ నా కొడుకు కడుపు మాడ్చింది ఉత్తపుణ్యానికా సాయిబూ?"

"అవునమ్మా. తప్పు నాదే."

ఆమె అతన్ని కాల్చేసేలా చూసి, కొడుకును చంకనేసుకుని ఇంటి దారి పట్టింది. వెనకాలే మిగతా తల్లులూ కదిలారు. చూస్తుండగానే గుంపు పలచబడిపోయింది.

జిలానీ గురువు పాదాల దగ్గర కూలబడ్డాడు. "మూలికలు నూరుకుంటా ఉస్తాద్."

తల మీద మెత్తగా బట్ట తగిలింది. ఒక చుట్టు, దాని మీద ఇంకో చుట్టు. బుర్హాన్ పాగా చుడుతున్నాడు. ఏ శిష్యుణ్ణి చూసీ ఇంతగా పొంగిపోయి ఎరగడాయన, ఆ గర్వం దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"మందు కనుక్కున్నోళ్లను చానామందిని చూసినా బేటా," అన్నాడు. "తన మందు మందు కాదని కనుక్కున్నోణ్ణి ఇదే చూడటం."