తిప్పి పెట్టిన బండి

నీలయ్య మాస్టారుకి ఒక పాడలవాటు ఉంది. ఏం అడిగినా సూటిగా జవాబు చెప్పడు. "సరే, పద" అంటాడు. ఎక్కడికో చెప్పడు, ఎందుకో అస్సలు చెప్పడు. చెప్పులేసుకుని బయటికొచ్చి నిలబడతాడు, అంతే. అడిగినోడు నోరు మూసుకుని వెంట పోవాలి. ఆశ్రమ పాఠశాలలో గిరిజన పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి రిటైరైనాక ఆయన సొంతూరు పోలేదు. రెండు రాష్ట్రాల సరిహద్దులో అడవి అంచునే ఉండిపోయాడు. అవతల కాల్పులు మొదలై జనం మూటలతో వాగు దాటి ఇవతలికొస్తుంటే ముందు గంజి కాచి పోశాడు, తర్వాత మందులు, తర్వాత దుప్పట్లు. ఇప్పుడు పట్నం కుర్రాళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకోడానికి వస్తుంటారు. అలా వచ్చినోడే కిరీటి. తెలివైనోడు. కాకపోతే ఆ సంగతి వాడికీ బాగా తెలుసు, అదే గొడవ.

ఆ రోజు పొద్దున్నే వాడు వస్తూనే అడిగేశాడు.

"మాస్టారూ, నమ్మలేని మనుషులకి మనం ఎందుకు చెయ్యాలి?"

మాస్టారు చాట ముందేసుకుని మునగాకు దూస్తున్నాడు. తలెత్తలేదు. "ఎవర్రా వాళ్ళు?"

"ఇంకెవరు, ఊట్లవాగోళ్ళే."

ఊట్లవాగు అంటే ఊరు కాదు. అవతల నుంచి పారిపోయొచ్చినవాళ్ళు అడవి పక్కన గుడిసెలేసుకున్న చోటు. అడవిలో ఉన్నోళ్ళు వీళ్ళని పోలీసుల మనుషులన్నారు, పోలీసులేమో అడవిలో వాళ్ళ మనుషులన్నారు, మధ్యలో ఇళ్ళు తగలబడ్డాయి. పట్నంలో వసుంధరగారని ఒకావిడ నడిపే సంస్థ వాళ్ళకి రేకుల గదులు కట్టిస్తోంది. సగం కుటుంబాలకి కట్టారు. మిగతా సగానికి రేకులు లారీకెక్కి సిద్ధంగా ఉన్నాయి. వానలు ఇవాళో రేపో. సోడి హుంగి అనే ఆమెకి గది వచ్చింది గానీ అందులో అప్పటికే రెండు కుటుంబాలు కుక్కుకుని ఉన్నాయి. కూతురు దేవె పచ్చి బాలింత. చంటిదాన్నేసుకుని పక్కనే ఆకుల గుడిసెలో ఉంటోంది. మొన్న నాలుగు చినుకులు పడితేనే ఆ కప్పు కారింది. లారీ రాకపోతే ఈ వానలకి ఆ పసిదాని గతి ఏంటో చెప్పక్కర్లేదు.

"గదుల వెనక రేకు కోసేశారు మాస్టారూ. ఒక్కదానికి కాదు, అన్నిటికీ. మనిషి పాక్కుంటూ పోయేంత కన్నం. కనపడకుండా తడక అడ్డం పెట్టారు. అదెటు తెరుచుకుంటుంది? అడవి వైపు. కన్నం పక్కనే మూట. హుంగి లేనప్పుడు విప్పి చూశా. బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టె, ఓ చిన్న గిన్నె. ఎవరికోసం కట్టిపెట్టినట్టు? మనమిచ్చిన బియ్యం అడవిలో ఎవరి కడుపులోకి పోతోంది?"

"హుంగిని అడిగావా?"

"నేను పోతేనే మాటలాపేస్తారు, ఇంక అడిగేదేంటి! పిల్లలు కూడా నన్ను చూసి ఏదో ఆట ఆడి ఇకిలిస్తారు. మధ్యాహ్నం వసుంధరగారు ఫోన్ చేస్తారు. నాకు అనుమానంగా ఉంది అన్నాననుకోండి, లారీ వేరే చోటికి పోతుంది. అనలేదనుకోండి, రేపేదైనా బయటపడితే నా పీకకి చుట్టుకుంటుంది. మీరే చెప్పండి."

మాస్టారు చాట పక్కన పెట్టి లేచాడు. మోకాళ్ళు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"సరే, పద."

ఊట్లవాగు చేరగానే కిరీటి ఎప్పుడూ చేసే పనే చేశాడు. మాస్టారుని దింపాడు. బండిని ఇసకలో వెనక్కీ ముందుకీ ఈడ్చి, చెమటలు కక్కుతూ, వచ్చిన దారి వైపు మొహం పెట్టి నిలబెట్టాడు. తాళం దానికే వదిలేశాడు. మొదటిసారి ఇటొచ్చినప్పుడు రోడ్డు మీద టీ కొట్టాయన చెప్పాడు, "అటెళ్తే బండి తిప్పి పెట్టుకో బాబూ, ఎప్పుడేమొచ్చి పడుద్దో" అని. కిరీటికి అది మహా తెలివైన మాటలా తోచింది. అప్పట్నుంచి ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

వీళ్ళని చూడగానే ఓ బుడ్డోడు ఎండుకొమ్మని కాళ్ళ మధ్య పెట్టుకుని "డుర్ర్‌ర్" అంటూ ఉరికొచ్చాడు. గిర్రున వెనక్కి తిరిగి ఆగాడు. మెడ సాచి నాలుగు దిక్కులూ చూశాడు. మిగతా పిల్లలు పడీ పడీ నవ్వారు.

"చూశారా? ఇదీ వరస."

"బాగా చేశాడు" అన్నాడు మాస్టారు మెచ్చుకుంటూ.

హుంగి సొరబుర్రలో నీళ్ళు తెచ్చింది. మాస్టారు గటగటా తాగేశాడు. కిరీటి "నాకు బాటిలుంది" అన్నాడు. మాస్టారు గది ముందు మొద్దు మీద కూలబడి, దేవె ఒళ్ళోంచి చంటిదాన్ని అందుకుని ఆడించడం మొదలుపెట్టాడు. ఇంక ఇక్కడ తనకి పనేం లేదన్నట్టు! కిరీటికి చిర్రెత్తింది. గదిలోకి పోయి తడక పక్కకి లాగాడు.

"హుంగమ్మా, ఈ కన్నం ఎందుకు?"

"గాలికి."

"గాలికైతే పైన కోస్తారు. కింద కోస్తారా ఎవరైనా?"

"మేం కిందనే పండుకుంటం సారూ."

"మరి ఈ మూట?"

"మూటనే."

"మూట అని నాకూ కనపడుతోంది! ఇటు నుంచి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు."

"ఎవరూ రానిదానికి తడకేసి దాచడం దేనికి?"

హుంగి చాలాసేపు వాడి మొహంలోకి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు చెప్పు సారూ. ఎవరొస్తరు? ఎప్పుడొస్తరు?"

వాడికి ఒళ్ళు మండింది. అడిగితే ఎదురు తననే అడుగుతోంది, ఎంత గడుసుదో! ఇంక తేలిపోయింది అనుకున్నాడు. ఫోన్ రాగానే ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి. బయటికొచ్చి బండి దగ్గరికి పోయి, బ్యాగులోంచి బాటిల్ తీసి మూత తిప్పుతున్నాడు.

ఢాం!

ఆ తర్వాత ఏం చేశాడో కిరీటికే సరిగా తెలీదు. బుర్ర మళ్ళీ పనిచేసేసరికి బండి మోదుగ చెట్ల మలుపులో ఉంది. గేరు మీద గేరు మార్చేస్తున్నాడు. చొక్కా ముందంతా బాటిల్లో నీళ్ళు ఒలికిపోయున్నాయి. మలుపు తిరగగానే దారికడ్డంగా ఓ ట్రాక్టరు పక్కకి ఒరిగి కనపడింది. డ్రైవరు నడుం మీద చేతులేసుకుని చిరిగిన టైరు వంక తిట్టుకుంటూ చూస్తున్నాడు.

"కొత్త టైరన్నా! ఎట్టా పేలిందో చూడు, దీని దుంపతెగ!"

హమ్మయ్య అనుకున్నాడు కిరీటి. అప్పుడు వీపు వెనక ఏదో వెలితిగా అనిపించింది. తిరిగి చూశాడు. వెనక సీటు ఖాళీ.

మాస్టారు!

బండిని వెనక్కి తిప్పి ఎలా పరిగెత్తించాడో ఆ ఇసకకే తెలియాలి. ఊట్లవాగులో పురుగు లేదు. పొయ్యిల మీద గిన్నెలు ఉడుకుతున్నాయి. బుడ్డోడి కొమ్మ దారిలో పడుంది. మొద్దు దగ్గర మాస్టారు చెప్పు ఒకటే ఉంది, రెండోది లేదు. ముసలాయన్ని ఎత్తుకుపోయారు, అదే పని, వీళ్ళని మొదట్నుంచీ నమ్మకూడదనే అనుకున్నా! బండిని గది ముందే నిలిపి, ఇంజను ఆపడం కూడా మర్చిపోయి లోపలికి దూకాడు. మూట లేదు. తడక అవతల పడుంది. కోసిన రేకు అంచుకి మాస్టారు తెల్లచొక్కా పీలిక వేలాడుతోంది.

వేరే దారి లేదు. కిరీటి మోకాళ్ళ మీద కూలబడి, తల వంచి, ఆ కన్నంలోంచి పాక్కుంటూ అవతలికి పోయాడు. పొదలు దాటితే ఓ గండి. అందులో ఊట్లవాగు మొత్తం ఉంది. ఆడాళ్ళు పిల్లల నోళ్ళ మీద చేతులేసి అణిగి కూర్చున్నారు. మధ్యలో మాస్టారు, ఒళ్ళో చంటిది, భుజం దగ్గర చొక్కా చిరిగి రక్తం చారలు. హుంగి ఒక చేత్తో మూట పట్టుకుని ఉంది. రెండో చెయ్యి ఇంకా ఆయన కాలరు మీదే ఉంది.

"టైరు" అన్నాడు కిరీటి రొప్పుతూ. "ట్రాక్టరు టైరు పేలింది. అంతే."

ఒక్కరు కూడా లేవలేదు. అందరూ వాడి వైపే చూస్తున్నారు.

"టైరేనా?" అంది హుంగి.

"ఒట్టు. టైరే."

ఆమె చెవులు రిక్కించి కాసేపు విన్నది. అప్పుడు కాలరు వదిలింది.

"నా మోకాళ్ళు లేవనిచ్చాయి కాదురా" అన్నాడు మాస్టారు. "ఈవిడ దుంగని లాగినట్టు లాగేసింది. మంచి చొక్కా, పోయింది."

కిరీటికి ఎక్కడ చూడాలో తెలీలేదు. నేల చూశాడు. హుంగి గొంతులో నిష్ఠూరం కూడా లేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"నువ్వొచ్చినప్పుడల్లా బండి అటు తిప్పి పెడతవు. తాళం తియ్యవు. కూసోవు. మా నీళ్ళు ముట్టవు. సారుకి ఏదో ఎరుకే, మనకి చెప్తలేడు అనుకున్నం. గదులిచ్చిన నాడు మేం రేకు కొయ్యలే. నీ బండి చూసి చూసి కోసినం."

కిరీటి మెల్లిగా అక్కడే, వాళ్ళ మధ్య ఇసకలో కూర్చున్నాడు.

"అవతల మా అత్త ఇంటికి ఒకటే తలుపుండె" అంది హుంగి. ఇంకేదో చెప్పబోయి, దేవె వంక చూసి ఆపేసింది. మూట ముడి మళ్ళీ బిగించింది.

అప్పుడే కిరీటి జేబులో ఫోన్ మోగింది. గండిలో మళ్ళీ అందరూ ఉలిక్కిపడ్డారు.

"కిరీటీ, లారీ డ్రైవరు బయల్దేరతానంటున్నాడు" అంది వసుంధరగారి గొంతు. "ఊట్లవాగేనా, వేరే చోటికి పంపమంటావా? వాళ్ళని నమ్మొచ్చా అసలు?"

దేవెకి తెలుగు అంతంతమాత్రం. అయినా ఆ ఫోన్ వంకే చూస్తోంది. మాస్టారు మాత్రం చంటిదాని అరికాలికంటిన ఇసక దులుపుతున్నాడు, తనకేం పట్టనట్టు.

"ఊట్లవాగే మేడమ్" అన్నాడు కిరీటి. "ఇవాళే పంపెయ్యండి. కాకపోతే ఒకటి. ప్రతి గదికీ వెనక కూడా తలుపు పెట్టించాలి. కట్టేసినవాటికి కూడా."



"లారీ పంపిస్తాలే. కానీ వెనక తలుపు ఎందుకు? అటు నుంచి ఎవరొస్తారు?" గొంతులో అనుమానం. "కిరీటీ, అక్కడేం జరుగుతోంది? నా దగ్గరేమైనా దాస్తున్నావా?"

చెప్పడానికి నోరు తెరిచాడు. ఏం చెప్పాలో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచలేదు. తడక అవతల, గది ముందు, వదిలేసొచ్చిన బండి ఇంకా డుగ్ డుగ్‌మని మోగుతూనే ఉంది. వాడు దిక్కుతోచక మాస్టారు వైపు చూశాడు.

మాస్టారు చంటిదాన్ని దేవెకి అందించి, చిరిగిన భుజం సర్దుకున్నాడు.

"ముందు పోయి ఆ బండి ఆపిరారా" అన్నాడు. "తర్వాత చెబుదువు గాని."