సన్నాసమ్మ పొగ

రైలు లేదు, బస్సు లేదు. ఉత్తరం మనిషి కాళ్ళమీద నడిచొచ్చే రోజులు. అప్పుడెప్పుడో రేవుపట్నానికీ కొండమీది ఊళ్ళకీ నడుమ, కనుమ మొదట్లో ఒక తాటాకు పాక ఉండేది. పట్నం నుంచి టపా మోసుకొచ్చేవాళ్ళు సంచి అక్కడ దించి వెళ్ళేవారు. కొండకు మోసేవాళ్ళు దాన్ని విప్పి, ఏ ఊరి మూట ఆ ఊరికి వేరుచేసుకుని పరుగు తీసేవారు.

ఆ పాకలో వాళ్ళకి అంబలి కాచేది సన్నాసమ్మ. చిన్నప్పుడే అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. ఆమెకి ఉన్నదల్లా తమ్ముడు గవరయ్య. వాడూ టపా మోసేవాడే.

ఒక ఏడు పట్నంలో మశూచి లేచింది. పోయినవాళ్ళ బట్టలు గురుతుగా ఉంచుకోమని చుట్టాలకి టపాలో పంపడం మొదలుపెట్టారు. మోసేవాళ్ళలో ముందు పోలయ్య ఆ సంచి విప్పాడు. పోలయ్య పోయాడు. తరవాత రాములు విప్పాడు. రాములూ పోయాడు. ఆ తరవాత గవరయ్య విప్పాడు.

"అప్పా, దీపం ఎట్టవేటి? సీకటిగా ఉంది" అన్నాడు గవరయ్య, ఎర్రటి ఎండలో. సన్నాసమ్మ వాడి చెయ్యి పట్టుకు కూర్చుంది. గవరయ్యా పోయాడు.

తమ్ముణ్ణి మట్టిచేసి వచ్చేసరికి పాక ముందు ఇంకో సంచి ఉంది. దాని పక్కన కొత్తగా కొలువుకి వచ్చిన తవిటయ్య కూర్చుని ఏడుస్తున్నాడు. వాడి పెళ్ళాం నెలలు నిండిన మనిషి.

"ఏటి సెయ్యనప్పా? ఎత్తకపోతే కొలువు పోద్ది. ఎత్తితే నాను పోతాను."

"నువ్వు ముట్టుకోకు. నాకు అమ్మవారు వచ్చి పోయింది, మరి రాదు. నాను విప్పుతాను."

సంచి పాకలోకి ఈడ్చుకెళ్ళి తలుపు మూసింది. వేపమండల మీద గంధకం చల్లి పొగవేసింది. ఆ పొగలోనే కూర్చుని ఉత్తరాలు ఒక్కొక్కటే తిరగేసింది. బట్టలు కాగులో ఉడకబెట్టింది. అన్నీ ఎండలో పరిచింది. ఆ తరవాతే తవిటయ్యని పిలిచింది.

ఇంకో సంచి వచ్చింది. దానికి పొగ వెయ్యకముందే, టపా ఆలస్యమవుతోందని మోసేవాళ్ళ మీద అజమాయిషీ చేసే మేస్త్రీ గుర్రమెక్కి వచ్చాడు.

"సంచి ఎత్తరా!" అన్నాడు. తవిటయ్య కదల్లేదు.

"ఎత్తరా!" అన్నాడు. సన్నాసమ్మ అడ్డం నిలబడింది.

"ఎత్తుతావా, లేదా?" అన్నాడు.

"ఉత్తరం రేపొస్తాది బాబూ. ఈడు పోతే రేపొస్తాడా? అంత తొందరైతే తమరే దిగి ఎత్తండి."

మేస్త్రీ సంచి వంక చూశాడు. ఎండలో ఆరేసిన కోకల వంక చూశాడు. గుర్రాన్ని వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడంతా సంచులు వస్తూనే ఉన్నాయి. సన్నాసమ్మ పొగవేస్తూనే ఉంది. కొండవాళ్ళకి రంగు వెలిసిన కోకలు చేరాయి. మోసేవాళ్ళలో మరి ఒక్కడూ పడలేదు. ఆ పొగకి ఆమె గొంతు మాత్రం బొంగురుపోయింది. దగ్గితే నెత్తురు పడేది.

"ఇంక మానేయప్పా," అన్నాడు తవిటయ్య.

"పట్నంలో తగ్గిందేటి?"

"లేదు."

"మరి ఎలాగ మానను?"

తగ్గిందన్న కబురు వానల ముందు వచ్చింది. "నన్ను బయట పడుకోబెట్టరా, గాలి కావాల" అంది సన్నాసమ్మ. మోసేవాళ్ళు నలుగురు మంచం ఎత్తి ఆరుబయట వేశారు. గాలి బాగానే వీచింది. ఆమె గుండెల్లోకి మాత్రం వెళ్ళలేదు. తవిటయ్య కూతురు అప్పుడు పాకే పిల్ల. ఆ మంచంకోడు పట్టుకునే మొదటిసారి లేచి నిలబడిందంటారు. సన్నాసమ్మ అది చూసిందో లేదో ఎవరికీ తెలీదు.

పాక ఏనాడో కూలిపోయింది. టపా ఇప్పుడు బస్సులో పోతోంది. అయినా ఆ కనుమ మొదట్లో సంచి దింపితే, ముందు ఇన్ని వేపమండలు వెలిగించి, అప్పుడే విప్పుతారు. ఆ పక్క ఊళ్ళలో రోగమున్న ఇంటికి వెళ్ళొచ్చినవాళ్ళని ఇంటి ఆడవాళ్ళు గడప దాటనివ్వరు. "అక్కడే ఉండు, అప్ప పొగ పట్టించుకుని రా" అంటారు. ఆ పొగకి ఎవరైనా దగ్గితే, పక్కనున్నవాళ్ళు మాట ఆపేస్తారు. దగ్గు తగ్గేదాకా ఎవరూ నోరు విప్పరు.